పట్టుచీర ఎక్కిన కొండ

నా పెళ్ళినాటి పట్టుచీరల్లో ఆకుపచ్చదాని కుచ్చిళ్ళ దగ్గర రూపాయి బిళ్ళంత గోధుమరంగు మరక ఒకటుంది. డ్రైక్లీనింగ్‌కి వేసిన ప్రతిసారీ కొట్లో అబ్బాయి రసీదు మీద "మరక పోదు" అని రాసి నాచేత సంతకం పెట్టించుకుంటాడు. మా అత్తయ్యగారు అడిగినప్పుడు కుంకుమ అని చెప్పాను. కుంకుమ కాదది. నా రక్తమే. జలగ తాగ్గా మిగిలింది.

ఆ చీర 2007 నవంబరులో ఒక కొండెక్కింది. ఎంతదాకా ఎక్కిందన్నది వేరే సంగతి.

అప్పటికి మా పెళ్ళయి ఆర్నెల్లు. బెంగళూరులో ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, బీటీఎం లేఔట్‌లో రెండో అంతస్తులో కాపురం. ఆయన ఎలక్ట్రానిక్ సిటీ వైపు, నేను మారతహళ్ళి వైపు. ఇద్దరి దారులూ సిల్క్ బోర్డు దగ్గర విడిపోయేవి. రాత్రి ఎవరు ముందొస్తే వాళ్ళు కుక్కర్ పెట్టాలి. పెద్దలు కుదిర్చిన పెళ్ళి కదా, ఒకళ్ళ గురించి ఒకళ్ళకి తెలిసింది తక్కువ. ఆయనకి కాకరకాయ పడదని, నాకు ఫ్యాన్ లేందే నిద్రపట్టదని, అంతవరకే.

ఆయనది మదనపల్లె. చిన్నప్పట్నించీ హార్సిలీ కొండ ఎక్కి దిగిన మనిషి. వాళ్ళ తాతగారు మాత్రం చివరిదాకా దాన్ని ఏనుగు మల్లమ్మ కొండనే అన్నారట, దొర పేరు నోట పలకలేదట. నాది నరసాపురం. మాకు ఎత్తంటే గోదారి గట్టే. వరదొస్తే గట్టెక్కి చూస్తాం, తగ్గితే దిగుతాం. నాకు తెలిసిన పర్వతారోహణ పన్నెండేళ్ళప్పుడు తిరుమల నడకదారి ఒక్కటే. ఆ 3,550 మెట్లలో మోకాళ్ళ పర్వతం దగ్గర కూలబడి ఏడిస్తే నాన్న పిప్పరమెంటు ఇచ్చి లేపారు.

ఆఫీసులో ఎవరో కుమార పర్వతం ఫొటోలు చూపించారట. ఆయన ఆ రాత్రి అన్నం తింటూ, "మనమూ పోదామా?" అన్నారు. కుక్కె సుబ్రహ్మణ్య గుడి వెనకాలే దారి మొదలవుతుందట. 1,712 మీటర్ల ఎత్తు, కొడగు జిల్లాలో తడియండమోల్ తర్వాత అంతెత్తు కొండ అదేనట. గుడి దగ్గర్నించి పదమూడు కిలోమీటర్ల నడకలో 1,500 మీటర్లకు పైగా ఎక్కాలి. తిరుమలని ఒకేరోజు రెండుసార్లు ఎక్కినట్టు. ఆ లెక్క అప్పుడు నేను వేసుకోలేదు. నాకు వినపడింది "సుబ్రహ్మణ్య గుడి" ఒక్కటే.

మా అత్తయ్యగారికీ అదే వినపడింది. ఫోన్లో ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు. పెళ్ళయి ఆర్నెల్లకే పిల్లలిద్దరూ తమంత తాము కుక్కె పోతామంటే ఆవిడకి ఇంకేం కావాలి? మన తెలుగువాళ్ళు కుక్కె వెళ్ళేది సంతానం కోసమో, సర్పదోషం పోవడానికో, రెండిటికీ కలిపో. "ఆశ్లేష బలి చేయించుకోండి మా. పట్టుచీర కట్టుకో. రెండు టెంకాయలు తీస్కపోండి, ఒకటి గుళ్ళో, ఒకటి కొండమీద" అని పురమాయించారు. ట్రెక్కింగ్ అన్న మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నాకు అలవాటు చేయాలని మూడు ఆదివారాలు లాల్‌బాగ్ తీసుకెళ్ళారు. అక్కడ కెంపేగౌడ బురుజున్న బండ ఉంది కదా, 300 కోట్ల ఏళ్ళ నాటిదని బోర్డు పెట్టారు, దానిమీద పైకీ కిందికీ నడిపించారు. ఖాళీ సంచితో కాదు, అయిదు కిలోల సోనామసూరి బస్తా అందులో వేసి. మూడో ఆదివారం వాచ్‌మన్ ఆపి సంచి విప్పించాడు. బియ్యం చూసి మా ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అనకుండా వదిలేశాడు. ఆ బియ్యాన్నే దారిలో ఇంటికి తెచ్చి వండుకునేవాళ్ళం.

అప్పటికి ఆటసామాన్ల కొట్టు డెకథ్లాన్ మన దేశంలో లేదు, బెంగళూరుకి వచ్చింది 2009లో. సంచులు మెజెస్టిక్ బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్నాం. ఆయనది నీలం, నాది ఎరుపు. నడుముకి కట్టుకునే పట్టీ ఆయన సంచికుంది, నాదానికి లేదు. బరువు భుజాల మీద కాదు, నడుము మీద మోయాలన్న సంగతి తెలియడానికి నాకు ఒక పగలు పట్టింది. బూట్లు మాత్రం నేనే కొనుక్కున్నాను, చవగ్గా వస్తున్నాయని. ఆ చవక సంగతి తర్వాత.

ఆయన సంచిలో అయిదు లీటర్ల నీళ్ళు, రెండు దుప్పట్లు, టార్చి వెలిగే నోకియా 1100, ముక్కుపొడి డబ్బా, అత్తయ్యగారు పంపిన చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి. నా సంచిలో ముందు రాత్రి కాల్చిన రెండు దిబ్బరొట్టెలు, ఆవకాయ, పది సున్నుండలు, రెండు కొబ్బరికాయలు, అగరొత్తులు, కర్పూరం, పట్టుచీర, దాని జాకెట్టు, లోపలి లంగా. చీర మడత చెడకుండా అట్ట కూడా పెట్టాను.

శుక్రవారం రాత్రి మెజెస్టిక్‌లో ఎర్రబస్సు ఎక్కితే హాసన్, సకలేశపుర మీదుగా శిరాడి ఘాట్ దిగి తెల్లారేసరికి కుక్కెలో దింపింది. ఘాట్‌లో నేను కళ్ళు తెరవలేదు, ఎందుకో చెప్పక్కర్లేదు. కుమారధారలో కాళ్ళు కడుక్కున్నాం. తారకాసుర సంహారం అయ్యాక స్వామి తన శక్త్యాయుధం కడుక్కున్న నీళ్ళివేనని అక్కడ చెప్తారు. నాకు వింతగా తోచింది వేరే: ఈ నీళ్ళు పడమటికి పోతాయి. ఉప్పినంగడి దగ్గర నేత్రావతిలో కలిసి మంగళూరు దగ్గర అరేబియా సముద్రంలో పడతాయి. నాకు ఏరంటే తూర్పుకే పోవాలి. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన మొదటి ఎదురు ఏరు అది.

"ఆ చీరా టెంకాయలూ యాడన్నా రూములో పెట్టి పోదాం" అన్నారు. తెలియని ఊళ్ళో, తెలియని గదిలో పెళ్ళినాటి పట్టుచీర వదిలి రావడమా? వినలేదు నేను. ఆయనా ఇంకోసారి అనలేదు. ఆయనతో అదే ఇబ్బంది, ఇంకోసారి అనరు.

ఏడున్నరకి నడక మొదలైంది. మొదట అంతా అడవే. వేళ్ళు మెట్లలాగా, మెట్లు అనుకున్నచోట జారుడు బండలు. పావుగంటకే నా ఊపిరి నాకు వినపడసాగింది. సంచిలో కొబ్బరికాయలు వీపుకి ఒక్కో అడుగుకీ ఒక్కో గుద్దు గుద్దుతున్నాయి. ఆయన ముందు నడుస్తారు, మలుపు దగ్గర ఆగుతారు, నేను చేరగానే "పోదామా?" అని మళ్ళీ కదులుతారు. అంటే ఆగి సేదతీరేది ఆయన, నేను కాదు! ఇది నాలుగైదు మలుపులు జరిగింది. ఈ అన్యాయం సన్నటి దారిలో నడిచిన ప్రతి ఆడదానికీ తెలిసే ఉంటుంది.

భీమన బండె దగ్గర కూర్చున్నాక బూటు విప్పి చూస్తే మడమ మీద జలగ, నల్లద్రాక్షలాగా ఉబ్బి. గట్టిగా అరిచాను. ఆయన తాపీగా ముక్కుపొడి తీసి చల్లితే అది ముడుచుకుని రాలిపోయింది. రక్తం మాత్రం ఆగదు, ఎంత తుడిచినా వస్తూనే ఉంది. జలగ ఉమ్మిలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుందని, కాసేపు కారాక అదే ఆగుతుందని ఆయన నాకు సైన్సు పాఠం చెప్పారు. ఆర్నెల్ల పెళ్ళాం కాలునించి రక్తం కారుతుంటే పాఠం! "మీరు నడవండి, నేను నిదానంగా వస్తాను" అన్నాను. మా గోదారి వాళ్ళం "నెమ్మదిగా" అంటాం, "నిదానంగా" ఆయన మాట. వెటకారంగా వాడాను. ఆయనకి వెటకారం అందలేదు, "సరే" అని నడిచారు.

అక్కణ్ణించి భట్టర మనె దాకా మాటల్లేవు. రెండు గంటలు. మధ్యలో ఒక దిగుడు బండ దగ్గర ఆయన చెయ్యి చాచారు, నేను పట్టుకోకుండా కూర్చుని జారాను. ప్యాంటు చిరిగింది. అది కూడా చెప్పలేదు.

అడవి దాటి వెలుతురు పడ్డాక వక్కతోట మధ్య పెంకుటిల్లు కనిపించింది. భట్టర మనె అంటే భట్టుగారిల్లు. కుమార పర్వతం ఎక్కినవాళ్ళలో ఆ ఇంట అన్నం తినని వాళ్ళు తక్కువ. అన్నం, సాంబారు, ఊరగాయ, మజ్జిగ. అంతే. ఆ సాంబారు తీపిగా ఉంది, మామూలప్పుడైతే నేను వంక పెట్టేదాన్ని. మూడుసార్లు వేయించుకున్నాను. ఇంటావిడ నా మడమ చూసి వక్కాకు పళ్ళెంలోంచి సున్నం తీసి అద్దారు. వెళ్ళేటప్పుడు "నిధానవాగి హోగి" అన్నారు. ఆ కన్నడం నాకు తర్జుమా అవసరం లేకుండానే అర్థమైంది. ఆయన వైపు చూశాను. ఆర్నెల్లుగా నేను పల్లెటూరి యాస అనుకుని లోపల నవ్వుకున్న మాట, ఇక్కడ అడవిలో ఒక పెద్దావిడ నోట అంత ఆప్యాయంగా వినపడింది. మళ్ళీ ఎప్పుడూ వెటకరించలేదు.

అటవీశాఖ చెక్‌పోస్టులో పేర్లు రాసి పైకి తిరిగాం. ఇక చెట్టు నీడ లేదు. నడుమెత్తు గడ్డి, నెత్తిన ఎండ, ఎటు చూసినా ఒకదాని వెనక ఒకటి కొండల వరసలు. నా కళ్ళు దానికి అలవాటు పడిలేవు. మా ఊళ్ళో చూపు ఎంత దూరం పోయినా వరిచేలో, కొబ్బరితోటో అడ్డొచ్చి ఆగుతుంది. ఇక్కడ ఆగదు. ఏదో భయం లాంటిది వేసింది. "ఏమండీ" అని పిలిచాను. ఆయన వెనక్కి వచ్చారు. ఏం చెప్పాలో తెలియక "సంచి గుచ్చుకుంటోంది" అన్నాను.

ఆయన నా సంచి దింపి విప్పారు. కొబ్బరికాయలు తీసి తన సంచిలో వేసుకున్నారు. చీరని అట్టతో సహా వీపు వైపు నిలువుగా పెట్టి, మెత్తటివి దాని మీద సర్ది, మళ్ళీ కట్టారు. భుజానికి తగిలించుకుంటే వేరే సంచిలాగా ఉంది. "బరువైంది వీపుకి దగ్గరగా ఉండల్ల" అన్నారు. "ఇది పొద్దున చెప్పొచ్చు కదండీ?" అంటే, "నీ చీర నన్ను ముట్టుకోనిస్తివా?" అన్నారు. నవ్వొచ్చింది. ఆ తర్వాత దారి ఇరుకైనా నన్నే ముందు నడవమన్నారు. ఆరోజు నుంచి ఇప్పటికీ, ఎక్కడికి వెళ్ళినా నేను ముందు, ఆయన వెనక.

కల్లు మంటపం చేరేసరికి ఒంటిగంటన్నర దాటింది. కన్నడంలో కల్లంటే రాయి. నాలుగు రాతి స్తంభాలు, పైన రాతి కప్పు, దగ్గర్లో సన్నటి నీటి ధార. సీసాలు నింపుకుని సున్నుండలు తిన్నాం. నా కుడి బూటు అడుగు అట్ట ఊడి తెరుచుకోవడం అక్కడే మొదలైంది. ఆయన తన తువ్వాలు అంచు చింపి కట్టారు. కుమార పర్వతానికి ముందొచ్చే శేష పర్వతం ఎక్కుతుంటే ఆ కట్టు రెండుసార్లు ఊడింది. రెండుసార్లూ ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కట్టారు. పెళ్ళిలో సన్నికల్లు తొక్కించి మెట్టెలు పెట్టినప్పుడు కూడా ఆయన అంత శ్రద్ధగా కూర్చోలేదు.

శేష పర్వతం మీదికి మూడున్నరకి చేరాం. ఒక పక్క దాని అంచు నిట్టనిలువుగా తెగిపోయి ఉంటుంది, పాము పడగెత్తినట్టు. ఎదురుగా కుమార పర్వతం. ఇంతే కదా, చెయ్యి చాస్తే అందేలా ఉంది అనిపించింది. కానీ అక్కడికి పోవాలంటే ఇటు దిగి, మధ్యలో ఉన్న అడవి దాటి, తడి బండలు పట్టుకుని మళ్ళీ ఎక్కాలి. దిగొస్తున్న కుర్రాళ్ళు పోను గంట, రాను గంట అన్నారు. అదీ బూట్లున్న వాళ్ళకి. ఆరింటికల్లా చీకటి పడుతుంది.

"మీరు వెళ్ళి రండి, నేనిక్కడ కూర్చుంటాను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను, కొంచెం భయంగా కూడా. ఆయన సంచి దింపారు. అటువైపు ఓ పది అడుగులు వేశారు. నిలబడి చూశారు. గాలికి చొక్కా టపటపా కొట్టుకుంటోంది. తిరిగొచ్చి, "ఆకలైతా ఉంది. రొట్టె తియ్" అన్నారు.

కుమార పర్వతానికి ఎదురుగా కూర్చుని దిబ్బరొట్టె తిన్నాం. నేను ఆవకాయతో, ఆయన ఊరిబిండితో. తర్వాత మార్చుకున్నాం. ఇప్పటికీ మా ఇంట్లో దిబ్బరొట్టెకి ఊరిబిండే నంచుకుంటాం, మా నరసాపురం వాళ్ళు వింటే ఏమంటారో. కొండమీద కొట్టమన్న కొబ్బరికాయ అక్కడే బండకేసి కొట్టాం. దిగొస్తున్న కుర్రాడొకడు మా ఇద్దరికీ ఒక ఫొటో తీసిపెట్టాడు.

దిగడం గురించి చెప్పడానికేం లేదు. మోకాళ్ళకే తెలుసు. ఆఖరి గంట నోకియా టార్చి వెలుతుర్లో.

ఆ రాత్రి భట్టర మనె వసారాలో పడుకున్నాం. చలి ఎముకల్లోకి దిగింది. రెండు దుప్పట్లూ పల్చనివి. అర్ధరాత్రి లేచి పట్టుచీర విప్పాను. అట్ట తీసేసి, ఆరు గజాలూ నాలుగు మడతలు వేసి ఇద్దరికీ కలిపి కప్పాను. పట్టు ఎంత వెచ్చనో ఆ రాత్రి తెలిసింది, పెళ్ళి పందిట్లో చెమటలు కక్కుతూ కూర్చున్నప్పుడు తిట్టుకున్నాను గానీ. మరక అప్పుడే పడింది. మడమ మళ్ళీ కారిందని తెల్లారాక చూసుకున్నాను.

ఆదివారం పొద్దున దిగి, స్నానం చేసి, నలిగిన ఆ చీరే కట్టుకుని దర్శనానికి వెళ్ళాం. అక్కడ మగవాళ్ళు చొక్కా తీసి వెళ్ళాలి. ఆయన భుజాల మీద సంచి పట్టీలు ఒరుసుకున్న రెండు ఎర్రటి చారలు చూసి అప్పుడు నాకు గుర్తొచ్చాయి, నా కొబ్బరికాయలు. ఆశ్లేష బలి చేయించడానికి ఓపికా లేదు, డబ్బులూ సరిపోలేదు.

బయటికి రాగానే అత్తయ్యగారి ఫోను. "దర్శనమయిందా? కొండెక్కినారా?" అని.

"ఎక్కాం అత్తయ్యగారూ, పైదాకా" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. ఆయన పక్కనే కాఫీ తాగుతున్నారు. అబద్ధం చెప్పడం తెలియని మనిషి. నావైపు ఒక్కసారి చూసి, గ్లాసులోకి చూసుకున్నారు. అంతే. బస్సులో నేనే సర్దిచెప్పబోయాను: "మనకి సుబ్బారాయుడంటే పామే కదండీ. నాగుల చవితికి పాలు పోసేది పుట్టలోనే కదా. శేష పర్వతం ఎక్కితే సుబ్బారాయుడి కొండ ఎక్కినట్టే." ఆయన "అట్లనే" అని నిద్రపోయారు. ఫొటో ఆర్కుట్‌లో పెట్టి కింద కుమార పర్వతం అని రాసింది కూడా నేనే. ఫొటోలో మా వెనక ఉన్నది కుమార పర్వతమే, అందులో అబద్ధం లేదు. ఆర్కుట్ 2014లో మూతపడింది గానీ, అదే ఫొటో మదనపల్లెలో ఫ్రేము కట్టి ఉంది. 2009లో అమ్మాయి పుట్టినప్పుడు ఆ ఘనతంతా అత్తయ్యగారు ఆ కొబ్బరికాయకే కట్టబెట్టారు. సుబ్బలక్ష్మి అని పేరు పెట్టకుండా ఆపడానికి మాకు చాలా కష్టమైంది.

మామయ్యగారి స్నేహితుల ముందు, మా పెదనాన్న ముందు, ఆఫీసులో, ఎన్నిసార్లో ఆ కొండ ప్రస్తావన వచ్చింది. "పైదాకా ఎక్కారటగా?" అని ఎవరడిగినా ఆయన, "మా ఆవిడ బూట్లు ఊడినా వదల్లేదు" అనే చెప్పారు. ఆ వాక్యంలో అబద్ధం ఎక్కడుందో వెతికినా దొరకదు.

2024 జనవరిలో రిపబ్లిక్ డే సెలవులకి ఆ కొండమీద జనం బారులు తీరిన వీడియో మా అమ్మాయే చూపించింది. మేం ఇద్దరమే కూర్చున్న గడ్డి దారిలో చీమ దూరే సందు లేదు. ఆ గొడవ తర్వాతే ఆ కొండకి ఆన్‌లైన్ టికెట్లు పెట్టారు. మొన్న ఆదివారం అది ఫోను పట్టుకొచ్చి, టికెట్లు తీస్తానంటూ మధ్యలో కూర్చుంది.

"అమ్మా, శేష పర్వతం దాటాక దారి ఎలా ఉంటుంది? పైన ఏముంటుంది?"

ఆయన చెనిక్కాయలు ఒలుచుకుంటున్నారు. తలెత్తలేదు.

"అడవుంటుంది" అన్నాను. "తర్వాత తడి బండలు." అక్కడితో నాకు తెలిసింది అయిపోయింది.

"తర్వాత?"

"మూడు టికెట్లు తియ్ మా" అన్నారు ఆయన, తొక్కలు దులుపుకుంటూ. "మీ అమ్మ బూట్లు మాత్రం ఈసారి నేను కొంటా."